వలలో పడిన చేప సన్నబడిందా, లేక ఆ వల సన్న చేపనే పట్టిందా?

తర్వాత చదివేవాళ్లకి కూడా అర్థమవ్వాలి కాబట్టి మీ ప్రశ్నని ముందు కుదించి చెప్తాను. కళింగపట్నం దగ్గర ఫైబర్ బోట్లవాళ్లు అడుగు వలలతో తెచ్చే గొరకలు, గులివిందలు, కారలు అనే మూడు రకాల చేపల్ని మీరు నెలనెలా కొలుస్తున్నారు. గొరకల్లో పొడవు-బరువు లెక్కకి బి విలువ 2.6 వచ్చింది. సెప్టెంబరులో 1.20 ఉన్న కండిషన్ ఫ్యాక్టర్, అంటే చేప తన పొడవుకి ఎంత బరువుగా ఉందో చెప్పే అంకె, నవంబరుకి 1.05కి పడిపోయింది. పొడవుల గ్రాఫులో గుట్ట, అంటే ఎక్కువ చేపలున్న సైజు, ఆగస్టు నుంచి అక్టోబరు దాకా 12 సెం.మీ. దగ్గరే కూర్చుని నవంబరులో ఒక్కసారిగా 16కి దూకింది. మధ్యలో ఎక్కడో ఒక ముక్క రాశారు, నవంబరు నుంచి వాళ్లు పెద్ద కన్ను (దారాల మధ్య రంధ్రం) ఉన్న వల వేస్తున్నారని. ఇదంతా చూసి "తిండి చాలక చేపలు బక్కచిక్కాయి, ఎదుగుదల మందగించింది" అని థీసిస్‌లో రాయొచ్చా అని అడిగారు.

ఇప్పుడే రాయకండి. మీ అంకెల్లో చేప సంగతి కంటే వల సంగతే ఎక్కువ కనిపిస్తోంది. చిన్న పడవల చేపల మీద పనిచేసే ప్రతివాళ్లకీ ఎదురయ్యేదే ఇది, టెన్షన్ పడక్కర్లేదు, డేటా పారేయాల్సిన పని కూడా లేదు, కాకపోతే చదివే వరస మార్చుకోవాలి.

మొదట ఆ 2.6 సంగతి. సూత్రం మీకు తెలిసిందే, బరువు = ఎ × పొడవు^బి. చేప అన్ని వైపులా ఒకే పాళ్లలో పెరిగితే బి 3 ఉంటుంది, దాదాపు అన్ని జాతులకీ 2.5కి 3.5కి మధ్యే వస్తుంది, అందులోనూ ఎక్కువ 3 చుట్టుపక్కలే. 2.6 రాగానే "పొడవు పెరిగే కొద్దీ చేప సన్నబడుతోంది" అనేస్తాం, పుస్తకంలో అలాగే ఉంటుంది కనక. కానీ గొరక ఒంటి తీరు చూడండి, పెరిగే కొద్దీ పాములా సాగిపోయే చేప కాదు కదా అది. అందుకే నాకు చేప కంటే ముందు వల మీద అనుమానం వచ్చింది.

అడుగు వల చేపని ఎలా పడుతుంది? కన్నులో తల దూరుతుంది, ఒళ్లు దూరదు, వెనక్కి రాబోతే మొప్ప మూత దారానికి తగులుకుంటుంది. అంటే ఆ కన్ను ఏరేది చేప పొడవుని బట్టి కాదు, చుట్టుకొలతని బట్టి. ఇప్పుడు మీ వలలో పడే సైజుల్లో చిన్నవి, 11 సెం.మీ. గొరకలు అనుకుందాం, వాటిల్లో బక్కవి కన్నులోంచి జారిపోతాయి, బొద్దుగా ఉన్నవే చిక్కుతాయి. 14, 15 సెం.మీ. వాటిల్లో వ్యవహారం తిరగబడుతుంది, లావువి తల కూడా పట్టక పక్కకి తప్పుకుంటాయి, బక్కవే దూరి ఇరుక్కుంటాయి. చివరికి మీ గంపలోకి చిన్నవాటిల్లో లావువి, పెద్దవాటిల్లో సన్నవి చేరాయి. ఈ రెండు కొసలకీ గీత గీస్తే వాలు తగ్గకుండా ఎలా ఉంటుంది? సముద్రంలో ఉన్న గొరకలన్నిటికీ బి నిజంగా 3 ఉన్నా సరే, ఒకే కన్ను వలతో వచ్చిన చేపల్ని కొలిస్తే అంతకంటే తక్కువే రావచ్చు.

దీన్ని ఒడ్డు మీదే పరీక్షించుకోవచ్చు. వలలోంచి తీసిన గొరక ఒంటి మీద దారం గాటు ఉంటుంది, పొలుసులు లేచిపోయి సన్నటి గీతలా కనిపిస్తుంది. అది ఎక్కడుందో చూడండి. చిన్న చేపల్లో వెన్ను రెక్క మొదలయ్యే దగ్గర, అంటే ఒళ్లు బాగా లావుగా ఉన్న చోట ఉంటుంది, ఇంకాస్త సన్నంగా ఉంటే ఆ చేప పోయేదే. పెద్ద చేపల్లో మొప్ప మూత అంచునే, కొన్నిటికి కళ్ల వెనకే ఉంటుంది, ఇంకాస్త లావుగా ఉంటే అది వలలోకే వచ్చేది కాదు. గాటు చోటు సైజుతో పాటు ఇలా ముందుకి జరుగుతూ పోతుంటే మీ బి మీద వల చెయ్యి పడిందనే లెక్క. కొలత పట్టీలో చుట్టుకొలతకి ఒక గడి పెట్టుకోండి, ఒక దారం ముక్క, స్కేలు ఉంటే చాలు.

మందు ఏమిటంటే, అదే వారంలో అదే ఊరి ముందు వేరే రకం వలలో పడ్డ చేపలు కూడా తీసుకోవడం. ఒడ్డున లాగే అలివి వల అన్నిటికంటే మేలు, అందులో వేలెడంత పిల్లల నుంచి పెద్దవాటి దాకా లావూ సన్నం చూడకుండా వస్తాయి. గేలానికి పడ్డవి దొరికితే పెద్ద సైజుల వైపు ఆసరాగా ఉంటాయి. మూడు పొరల వలలో చేప చుట్టుకుపోతుంది కాబట్టి చుట్టుకొలత గొడవ కొంత తక్కువ. ఇవన్నీ కలిపితే పొడవు 5 నుంచి 20 సెం.మీ. దాకా పరుచుకుంటుంది, అప్పుడు వచ్చే బి నమ్మదగ్గది. 11కి 16కి మధ్య ఇరుక్కున్న చేపలు ఒకే వలలోంచి వెయ్యి కొలిచినా ఆ బిలోంచి వల ప్రభావం పోదు. ఏ చేప ఏ వలలోదో విడిగా రాసుకుని, వలవారీగా గీతలు గీసి, అవి ఒకదాని మీద ఒకటి పడతాయో లేదో చూసిన తర్వాతే కలపండి.

ఇక ఆ 1.20, 1.05. మీరు వాడింది ఫుల్టన్ పద్ధతి, బరువుని పొడవు ఘనంతో భాగించి వందతో గుణించడం. దీనిలో ఒక మెలిక ఉంది. ఘనం అన్నామంటే బి 3 అని ముందే ఒప్పేసుకున్నట్టు. మీ డేటాలో బి 2.6 అయినప్పుడు, చేప పొడవు పెరిగితే చాలు, ఒక్క గ్రాము కండ తగ్గకపోయినా ఈ అంకె దానంతటదే పడిపోతుంది. ఎంత పడుతుందో లెక్క వేద్దాం. సెప్టెంబరు సగటు 12 సెం.మీ., నవంబరు సగటు 16. 16ని 12తో భాగిస్తే 1.33, దాన్ని మైనస్ 0.4 ఘాతానికి పెంచితే 0.89. 1.20 × 0.89 అంటే 1.07. మీకు వచ్చింది 1.05. అంటే మీరు చూసిన తగ్గుదల దాదాపు మొత్తం సైజు మారడం వల్ల వచ్చిందే, సైజు మారింది కన్ను మారడం వల్ల. చేప బక్కచిక్కిందని చెప్పడానికి మిగిలింది ఆ చివరి 0.02 ఒక్కటే, దాని మీద అధ్యాయం కట్టలేం.

దీనికి బదులు సాపేక్ష కండిషన్ ఫ్యాక్టర్ వాడండి. 1951లో లె క్రెన్ ఇంగ్లండ్‌లోని విండర్‌మియర్ సరస్సు పెర్చ్ చేపల మీద చేసిన పని నుంచి వచ్చిన పద్ధతి ఇది, అందరూ వాడేదే. ముందు మీ మొత్తం డేటాకి ఒకే పొడవు-బరువు గీత గీస్తారు. ప్రతి చేపకీ ఆ గీత ప్రకారం ఉండాల్సిన బరువు ఎంతో చూసి, అసలు బరువుని దాంతో భాగిస్తారు. 1 వస్తే మామూలు చేప, 1.1 అయితే ఆ పొడవుకి ఉండాల్సిన దానికంటే పది శాతం బరువైనది. పొడవు ప్రభావం అందులోంచి వెళ్లిపోతుంది కాబట్టి నెలల్ని పోల్చుకోవచ్చు. అయినా సరే 12 సెం.మీ. చేపల్ని 12 వాటితోనే, 16 వాటిని 16 వాటితోనే పోల్చి చూడటం ఇంకా మంచిది, ఆ పని ఎక్సెల్‌లో పది నిమిషాలు. ఒక మాట, గీత మొత్తం ఏడాదికి ఒక్కటే ఉండాలి. నెలకో గీత గీసి దాంతోనే భాగించారనుకోండి, ప్రతి నెలా సగటు 1 దగ్గరే వస్తుంది, అందులో తెలిసేది ఏమీ లేదు. ఇలా చేసిన పేపర్లు అచ్చులో కూడా చూశాను.

కండిషన్‌లో అసలు చిక్కు జన, అంటే చేప కడుపులోని గుడ్లు. మీ పోస్టులో చేపల్ని కోసినట్టు ఎక్కడా లేదు. 16 సెం.మీ. ఆడ గొరక 45 గ్రాములుందనుకోండి, ఫుల్టన్ అంకె 1.10. దాని కడుపులో 4 గ్రాముల జన ఉందనుకోండి, అది పెట్టేసిన మర్నాడు చేప 41 గ్రాములు, అంకె 1.00. చేప తిండి తింటూనే ఉంది, కండ అలాగే ఉంది, మీ గ్రాఫులో మాత్రం కరువు వచ్చినట్టు కనిపిస్తుంది. మన తీరంలో చాలా అడుగు చేపలు ఒకే వారంలో కాకుండా నెలల తరబడి విడతలు విడతలుగా గుడ్లు పెడతాయి, అందువల్ల ఒకే గంపలో నిండు జనతో ఉన్నదీ, పెట్టేసి డొల్లయినదీ పక్కపక్కనే ఉంటాయి. కాబట్టి కోసి తీరాలి. పొట్ట కోసి, ఆడా మగా చూసి, జన విడిగా తూచి, పేగులు తీసేసిన బరువుతో కండిషన్ కట్టండి. జన బరువుని ఒంటి బరువుతో భాగించిన శాతాన్ని పక్కనే ఇంకో గీతగా పెట్టండి. కండిషన్ పడిపోయిన నెలలోనే ఆ శాతం కూడా పడిపోతే అది పురుడు, ఆకలి కాదు. జన శాతం మారకుండా పేగులు తీసిన బరువే తగ్గితే అప్పుడు తిండి గురించి మాట్లాడొచ్చు.

ఆడా మగా విడదీయమన్నది మాటవరసకి కాదు. కంపెనీలవాళ్లు పింక్ పెర్చ్ అని కొనే నెమిప్టెరస్ జపోనికస్‌లో పెద్ద సైజుల్లో మగవే ఎక్కువ కనిపిస్తాయి, రెండిటి ఎదుగుదలా ఒకటి కాదు. కలిపి లెక్క కడితే ఏ చేపకీ సరిపోని సగటు వస్తుంది. ఆ చేప మీరు కొలిచే జాబితాలో లేదు కానీ ఎప్పుడో ఒకప్పుడు చేరుతుంది కాబట్టి ఇంకో సంగతి కూడా: దాని తోక పై కొసన పసుపు రంగులో దారంలాంటి పోగు ఉంటుంది, వలలో సగం చేపలకి అది తెగిపోతుంది. మొత్తం పొడవు కొలిచారంటే ఒకే సైజు చేపకి రెండు అంకెలు వస్తాయి. తోక చీలిక దాకా కొలవండి. గులివిందకీ, కారకీ కూడా అదే నయం. గొరకకి తోక చీలి ఉండదు కాబట్టి మొత్తం పొడవు తప్ప దారి లేదు, తోక కొస విరిగినవి పక్కన పెట్టేయండి.

కారల దగ్గరికి వస్తే నాకు మీ బరువుల మీదే నమ్మకం లేదు, కోపం తెచ్చుకోకండి. కార 8 సెం.మీ. ఉంటే 7 గ్రాములు తూగుతుంది. మీ తూకం గ్రాము దాకానే చూపిస్తుందని రాశారు, అంటే అర గ్రాము అటూ ఇటూ, దాదాపు 7 శాతం తేడా తూకంలోనే పోయింది. 45 గ్రాముల గొరకకి అదే తేడా ఒక్క శాతం. పైగా కార ఒంటి నిండా జిగురు, దాన్ని తుడవకుండా తూస్తే ఒక బరువు, తుడిచి తూస్తే ఇంకో బరువు. పదో వంతు గ్రాము చూపించే తూకం కొనండి, బంగారం కొట్లవాళ్లు వాడే చిన్నది ఆన్‌లైన్‌లో చవకగానే వస్తుంది. గాలి తగలకుండా ప్లాస్టిక్ డబ్బా కప్పి తూయండి, బీచ్‌లో గాలికి అంకె నిలవదు. ఐసులో పెట్టిన చేపకి పొడవు కొంచెం ముడుచుకుంటుంది, బరువు నీళ్లు పట్టి పెరగొచ్చు, గట్టిబడి తర్వాత తగ్గొచ్చు, అందుకని అన్ని నెలలూ తాజావే, లేకపోతే అన్ని నెలలూ ఐసువే తీసుకోండి, కలపకండి.

అంతకంటే ముందు, కార అన్న పేరు కింద ఎన్ని జాతులున్నాయో చూశారా? మూతి పట్టుకుని వేలికొసతో మెల్లగా లాగండి. గొట్టంలా సాగి పైకి తిరిగితే సెక్యూటర్, కిందికి వంగితే లియోగ్నాతస్ రకాలు, ముందుకి సాగి లోపల కోరపళ్లు తగిలితే గజ్జా. ఒక్క చేప మీద అర నిమిషం పని. లియోగ్నాతస్‌లో కొన్నిటికి ఇప్పుడు ప్రజాతి పేర్లు మార్చారు, అది తర్వాత చూసుకోవచ్చు, ముందు మూతి చూసి మూడు కుప్పలు చేయండి. వీటి ఒళ్ల తీరు వేరు, ఎదుగుదల వేరు, కలిపి గీసిన గీతకి అర్థం లేదు. గొరకల్లో కూడా ఇదే గొడవ. జోనియస్ అనే గొరకల రకంలో రెండు మూడు జాతులు పైకి ఒకేలా ఉంటాయి, గడ్డం కింద రంధ్రాలు, లోపల గాలితిత్తి చూస్తే గానీ తేలవు. ఇంకో ప్రమాదం ఏమిటంటే కచిడి పిల్లలు. అదే, ఒక్క చేప లక్షలు పలికిందని కాకినాడ నుంచి టీవీలో చూపిస్తుంటారే, ఆ కచిడే, గాలితిత్తికి అంత ధర. అదీ గొరకల కుటుంబమే, మీటరు దాటి పెరుగుతుంది. దాని పిల్లలు ఒడ్డు దగ్గర చిన్న గొరకలతో కలిసి పడతాయి, ఒంటి మీద నల్ల మచ్చలు ఉంటాయి. అలాంటివి ఓ పది మీ పొడవుల పట్టీలో దూరాయంటే ఎదుగుదల లెక్క ఎటు పోతుందో మీరే ఊహించుకోండి.

ఎదుగుదలకి వద్దాం. కండిషన్ అనేది ఈ నెలలో చేప ఒంటి పరిస్థితి, ఎదుగుదల నెలల తరబడి సాగేది, ఒకదాన్నిబట్టి రెండోది చెప్పలేం. రెంటికీ కె అనే అక్షరమే వాడటం మన ఖర్మ. ఫుల్టన్ కె వేరు, వయసుతో పాటు చేప పొడవు ఎలా పెరుగుతుందో చెప్పే వాన్ బెర్టలాన్‌ఫీ సమీకరణంలో కె వేరు, అది చేప తన గరిష్ఠ పొడవుకి ఎంత వడిగా దగ్గరవుతుందో చెప్పే రేటు. మీ పోస్టులో ఒక చోట రెండూ కలిసిపోయాయి. రాసేటప్పుడు ఒకదానికి సీఎఫ్ అని పేరు మార్చుకుంటే పరీక్షకుడి దగ్గర ఇబ్బంది ఉండదు.

గుట్ట మూడు నెలలు 12 దగ్గరే ఎందుకు కూర్చుంది? ఆ కన్ను పట్టే సైజు 12 కాబట్టి. కింది నుంచి కొత్త చేపలు 12కి వస్తూనే ఉన్నాయి, వలలో పడుతూనే ఉన్నాయి, 14కి పెరిగినవి ఆ వలకి కనిపించడం లేదు. ఒకటో తరగతి గది గుమ్మంలో నిలబడి ఏటా పిల్లల ఎత్తు కొలిచినట్టు, పిల్లలు పెరగడం లేదనే అనిపిస్తుంది. నవంబరులో కన్ను మార్చారు, గుట్ట 16కి పోయింది. అది ఒక నెలలో 4 సెం.మీ. ఎదగడం కాదు, కంప్యూటర్ మాత్రం అలాగే అనుకుంటుంది. మీరు వాడిన ట్రాప్‌ఫిష్‌ఆర్ ప్యాకేజీ లోపల ఉన్నది చేపల శాస్త్రవేత్త డేనియల్ పాలీ 1980ల మొదట్లో తెచ్చిన ఎలిఫాన్ పద్ధతే. కదిలే గుట్టల గుండా వంపు గీయడమే దాని పని, గుట్ట ఎందుకు కదిలిందో దానికి తెలియదు. పొడవుల పట్టీని కన్ను వారీగా విడదీయండి. రకరకాల కన్నుల వలలు వేసే బోట్లు ఊళ్లో ఉంటే అన్నిటి నుంచీ తీసుకోండి, అలివి వలని వదలొద్దు. గొరకకి ఒక సెం.మీ. గడులు, కారకి అర సెం.మీ. గడులు పెట్టండి.

శాంపిల్ ఎక్కడ తీస్తున్నారన్నది కూడా ముఖ్యం. వేలం దగ్గరికి వచ్చేసరికి చేప సైజులవారీగా విడిపోయి ఉంటుంది, పెద్దవి ఒక ట్రే, చిన్నవి ఇంకో గంప, మరీ చిన్నవి ఎండబెట్టడానికి వేరు. మీకు చవకగా ఇచ్చేది ఎప్పుడూ మధ్య రకమే. పడవ ఒడ్డెక్కగానే, ఇంకా వల దులుపుతుండగానే తీసుకోండి. కుదరకపోతే ప్రతి కుప్ప నుంచీ కొంచెం తీసి, ఆ కుప్ప మొత్తం బరువు రాసుకుని దాని ప్రకారం పెంచి లెక్కించండి.

వేట నిషేధం మీ గ్రాఫులో పెద్ద కంత. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మన తీరంలో మరబోట్లు, మోటారు బోట్లు కదలవు, మీ పట్టీలో మే నెల ఖాళీగా ఉంది. చేపకి నిషేధం లేదు, అది పెరుగుతూనే ఉంటుంది. గరిష్ఠ పొడవు 30 సెం.మీ., కె ఏడాదికి 0.6 ఉన్న చేప అనుకుంటే, 12 సెం.మీ. దగ్గర ఉన్నది ఆ రెండు నెలల్లో సుమారు 1.7 సెం.మీ. పెరుగుతుంది. ఏప్రిల్ గుట్టకీ జూన్ గుట్టకీ లంకె ఇక్కడే తప్పుతుంది. మోటారు లేని తెప్పలకి మినహాయింపు ఉంది, మేలో వాళ్ల దగ్గర దొరికినన్ని కొనుక్కోండి, తక్కువైనా సరే.

ఇంకో లోటు చిన్న పడవల డేటా మొత్తానికీ ఉంటుంది. ఈ అడుగు చేపల్లో చాలావాటి పిల్లలు ఒడ్డు దగ్గర పెరిగి, పెద్దయ్యే కొద్దీ లోతుకి పోతాయి. తీరం నుంచి 8 కి.మీ. లోపు తిరిగే బోటుకి పెద్ద చేపలు తక్కువ కనిపిస్తాయి. పెద్దవి కనిపించకపోతే కంప్యూటర్ గరిష్ఠ పొడవుని తగ్గించి, దానికి సర్దుబాటుగా కెని పెంచేస్తుంది. ఎంత మాయగా సర్దుతుందో చూడండి. ఒకరికి 30 సెం.మీ., 0.6 వచ్చాయి, ఇంకొకరికి 24 సెం.మీ., 0.94 వచ్చాయి. రెండోవాళ్ల ఊళ్లో చేప చిన్నదైనా చురుగ్గా ఎదుగుతోందని రాసేస్తారు. ఏడాది వయసుకి మొదటి లెక్కలో 13.5 సెం.మీ., రెండో లెక్కలో 14.6. రెండేళ్లకి 21.0, 20.3. మూడో ఏట గానీ తేడా పైకి తేలదు, ఆ వయసు చేప మీ వలలో పడనే పడదు. అందుకే రెండు అంకెల్నీ విడివిడిగా పోల్చకండి, ఫై-ప్రైమ్ కట్టండి: కె లాగరిథమ్‌కి గరిష్ఠ పొడవు లాగరిథమ్ రెట్టింపు కలపడమే. పైన చెప్పిన రెండు జతలకీ అది 2.73. మీకు వచ్చిన విలువ ఫిష్‌బేస్‌లో (చేపల సమాచారం ఉండే వెబ్‌సైట్) అదే జాతికి ఉన్నవాటికి బాగా దూరంగా ఉంటే ముందు మీ డేటానే అనుమానించండి. లోతు చేపల కోసం దగ్గరి హార్బరులో మరబోట్ల చేపలు కొన్ని కొలిచి, అవి వేరే వలవని గుర్తు పెట్టుకుని వాడుకోవడం ఒక దారి.

తల రాళ్లతో, అంటే చేప చెవి లోపలుండే చిన్న రాళ్లతో, వయసు తేల్చొచ్చా అని అడిగారు. గొరకల తల రాళ్లు పెద్దవి, తీయడం తేలిక. కానీ మన సముద్రంలో చలి దేశాల్లా ఎండాకాలానికీ చలికాలానికీ నీటి వేడిలో అంత తేడా ఉండదు, ఏడాదికో వలయం అంత స్పష్టంగా పడదు. కొన్ని నెలల వయసున్న పిల్లల్లో రోజువారీ వలయాలు చదవొచ్చు, దానికి రాయిని పలచగా అరగదీయాలి, మంచి మైక్రోస్కోపు కావాలి, చేయి తిరగాలి. మీకు మిగిలిన టైములో వద్దనే అంటాను.

ఇక ఊళ్లోవాళ్లు "మునుపటి చేప ఇప్పుడు లేదు, చిన్నదైపోయింది" అంటున్నారని రాశారు, దాన్ని ఎదుగుదల తగ్గడానికి సాక్ష్యంగా పెట్టారు. వాళ్లు చూస్తున్నది నిజమే, కానీ కారణం అది కానక్కర్లేదు. పెద్దవి ముందే పట్టేస్తే ఎదుగుదల ఏమాత్రం తగ్గకుండానే సగటు సైజు పడిపోతుంది. మీ కండిషన్ డేటా సరిగ్గా ఉంటే ఉపయోగపడేది ఇక్కడే. చేప చిన్నదై ఒళ్లు నిండుగా ఉంటే తిండికి లోటు లేదు, వేట ఒత్తిడి ఎక్కువని అనుమానించాలి. అదే పొడవు చేప మునుపటి కంటే తేలిగ్గా తూగితే అడుగు మేతలో ఏదో తేడా వచ్చింది. రెండూ ఒకేసారి జరగొచ్చు కూడా. వేట సంగతి తేల్చుకోడానికి చేపల శాస్త్రవేత్త రైనర్ ఫ్రోజె 2004లో చెప్పిన మూడు ప్రశ్నలు చాలు: పట్టిన వాటిల్లో ఈడుకొచ్చినవి ఎంత శాతం, సరైన సైజు దగ్గరివి ఎంత, బాగా పెద్ద తల్లి చేపలు ఎంత. సరైన సైజంటే ఉజ్జాయింపుగా గరిష్ఠ పొడవులో మూడింట రెండు వంతులు, 30 సెం.మీ. చేపకి 20. మూడో ప్రశ్నకి మాత్రం మీ వల చెప్పేదాన్ని జవాబుగా తీసుకోకండి, కారణం పైన చెప్పాను. కేరళవాళ్లు ఇలాంటి లెక్కల మీదే 2015లో 14 జాతులకి కనీస సైజు పెట్టి తర్వాత 58కి పెంచారు, నెమిప్టెరస్ జపోనికస్‌కి అది 12 సెం.మీ. కొలతల పట్టీ శుభ్రంగా ఉంటే అది ఎంత దూరం పనికొస్తుందో చెప్పడానికే ఇది.

చేపలు అసలు బక్కచిక్కలేదని నేను అనడం లేదు. మీ ఊరి పక్కనే వంశధార కలుస్తుంది, సెప్టెంబరు, అక్టోబరు వరద నీళ్లకి ఒడ్డు దగ్గర ఉప్పదనం బాగా పడిపోతుంది, కొత్త మట్టి అడుగున పరుచుకుంటుంది, పురుగులు, చిన్న రొయ్యలు తగ్గొచ్చు, కొన్నాళ్లకి పెరగనూ వచ్చు. గడ్డం కింది రెండు మీసాలతో బురద తవ్వుకుని తినే గులివిందకి ముందు తెలియాలి ఆ తేడా. కాబట్టి గొరకలో కంటే గులివిందలో వెతకండి. పొట్ట ఎలాగూ కోస్తున్నారు, కడుపు ఖాళీయా, సగమా, నిండా అన్నది ఒక గడిలో రాయండి, వల సాయంత్రం వేసి తెల్లారి తీసేది అయితే చిక్కుకున్న చేప రాత్రంతా తిన్నది అరిగించుకుంటుందని గుర్తుంచుకుని ఎన్ని గంటలు నీళ్లలో ఉందో కూడా రాయండి. కాలేయాన్ని విడిగా తూయండి, చాలా చేపల్లో తిండి తగ్గిన సంగతి కండ కంటే ముందు అక్కడే బయటపడుతుంది. చేపలమ్మే ఆడవాళ్లని అడగండి, ఏ నెల గులివింద పులుసులో నూనె తేలుతుందో, ఏ నెల చప్పగా ఉంటుందో వాళ్లు తడుముకోకుండా చెప్తారు, మీ గ్రాఫుతో సరిపోతుందో లేదో చూసుకోవచ్చు.

ప్రస్తుతానికి ఉన్న డేటాతో మీరు చేయగలిగింది: నవంబరు చేపల్ని విడదీయడం, రెండు కన్నుల్లోనూ పడిన 13, 14 సెం.మీ. గొరకల్ని మాత్రమే తీసుకుని ఒకే గీత మీద సాపేక్ష కండిషన్ కట్టి నెలలవారీగా చూడటం. ఆ సైజులో ఎన్ని చేపలున్నాయో, కన్ను సైజులు ఎంతో ఇక్కడే పెట్టండి. డిసెంబరు నుంచి కోయడం మొదలుపెడితే వచ్చే నిషేధం లోపు నాలుగు నెలల జన లెక్క చేతికొస్తుంది, ఆ 1.05 సంగతి అప్పుడు తేల్చుకోవచ్చు.